అర్ధరాత్రి ఎవరిది?



పాత చందమామలు చదివినోళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు. మాయలు, మంత్రాలు ఉండే కథ ఏదైనా సరే, అసలు పని పగలు జరగదు. రాత్రి కావాలి, అందులోనూ నడిరేయి కావాలి. ఎందుకని అడిగితే "ఆ వేళకు దయ్యాలు తిరుగుతాయి కదా" అంటారు మనోళ్లు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను, చదవండి.

ముందు పరదేశం కథలు చూద్దాం. 1697లో ఫ్రెంచి రచయిత పెరో రాసిన సిండ్రెల్లా కథలో గడియారం పన్నెండు కొట్టగానే మాయ తెగిపోతుంది, బండి మళ్లీ గుమ్మడికాయ అవుతుంది. 1997లో వచ్చిన హ్యారీ పాటర్ మొదటి పుస్తకంలో ఆ పిల్లోడికి పదకొండేళ్లు నిండే అర్ధరాత్రి సరిగ్గా తలుపు దబదబ మోగుతుంది. వాళ్లకు తేదీ మారేది పన్నెండింటికి. అందుకే అర్ధరాత్రి వాళ్లకు గడప లాంటిది. ఇటు నిన్న, అటు రేపు.

మన పంచాంగంలో అట్ల కాదు. పొద్దు పొడిస్తేనే వారం మారేది. మన గడప సందెవేళ. దీనికి సాక్ష్యం మన ఆళ్లగడ్డ పక్కనే ఉంది. అహోబిలం కథ అందరికీ తెలిసిందే. పగలు గానీ రాత్రి గానీ, ఇంట్లో గానీ బయట గానీ, మనిషి చేత గానీ మృగం చేత గానీ చావు రాకూడదని హిరణ్యకశిపుడు వరం తెచ్చుకున్నాడు. నరసింహస్వామి సందెవేళ, గడప మీద, సగం మనిషి సగం సింహమై వాణ్ణి చీల్చేశాడు. ఆ స్వామే మన చెంచులక్ష్మిని పెండ్లాడినాడని మన పెద్దోళ్లు చెప్తారు. అంటే రెండు వేళల నడుమ సందు దొరికేది మనకు సాయంత్రం పూట.

మరి మన కథల్లో అర్ధరాత్రి దేనికి? ఆ వేళకు ఏదీ మారదు. మునిగిన పొద్దు ఎంత దూరమో, పొడవాల్సిన పొద్దూ అంతే దూరం. పిలిస్తే పలికేవాళ్లు ఉండరు. రాజుకు సైన్యం ఉండదు, మంత్రి ఉండడు. మనిషి ఒంటరిగా ఎంతటివాడో తెలిసేది అప్పుడే. కథ రాసినోళ్లకు కావాల్సింది అదే.

విక్రమార్కుణ్ణి చూడండి. శ్మశానంలో చెట్టు మీది శవాన్ని భుజాన వేసుకొని చీకట్లో నడుస్తాడు. బేతాళుడు మాట్లాడించి మళ్లీ చెట్టెక్కుతాడు. రాజు మళ్లీ పోతాడు. ఈ కథలు 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలోనే ఉన్నాయి. దాని ముగింపు చాలామందికి తెలియదు. శవం తెమ్మన్న సన్యాసి రాజును బలి ఇయ్యాలనుకుంటాడు. ఆ మోసం చెప్పి రాజు ప్రాణం కాపాడింది బేతాళుడే! పాతాళభైరవి సినిమా (1951) కూడా అంతే. తోటరాముణ్ణి బలి ఇయ్యాలని చూసింది దయ్యం కాదు, నేపాళ మాంత్రికుడు. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947లో చందమామ మొదలుపెట్టింది.

కాబట్టి ఈ కథలు చెప్పేది "రాత్రి బయటికి పోవద్దు" అని కాదు. "అవసరమొస్తే పో, కానీ తియ్యగా మాట్లాడి మంత్రం వేసేవాణ్ణి నమ్మొద్దు" అని. దుప్పటి కప్పుకొని పడుకున్నోడు ఏ కథలోనూ వీరుడు కాలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మన హాస్టల్లో ఒంటేలుకు వచ్చినా బిగబట్టుకొని తెల్లారేదాకా పడుకునే చిన్నోళ్లు ఉన్నారు. వాళ్లకు దయ్యాల కథలు సగం చెప్పి భయపెట్టేది మన పెద్ద తరగతులోళ్లే. ఇది నవ్వుకొనే పని కాదు. కట్లపాము ఎక్కువగా కరిచేది రాత్రే, కింద పడుకున్నోళ్లనే. నొప్పి పెద్దగా తెలియదు, గాటు కూడా సరిగా కనపడదు. కొంచెంసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి ఆగుతుంది. అట్లాంటప్పుడు లేపడానికి భయపడి, "ఈ వేళప్పుడు అడవి దాటొద్దు, పొద్దున చూద్దాంలే" అని మంత్రం వేయించుకుంటూ కూచుంటే ప్రాణం పోతుంది. దానికి మందు ఆసుపత్రిలో వేసే విరుగుడు సూదే. 108కి ఫోన్ చేసి నడిరేయి అయినా సరే ఆళ్లగడ్డకో నంద్యాలకో పోవాల్సిందే.

రాత్రిలో భయపడాల్సినవి లేవని నేను అనను. నల్లమలలో చిరుత ఉంది, ఎలుగు ఉంది, పాము ఉంది. వాటికి టార్చిలైటు, చేతికర్ర, పక్కన ఇంకొకరు కావాలి. తాయెత్తు పనికిరాదు. ఇంకో సంగతి, మనకు రాత్రి ఇచ్చేది కూడా తక్కువేం కాదు. ఎండాకాలం ఇప్పపువ్వు రాలేది రాత్రిపూటే. జంతువులు తినకముందే చీకటితో లేచి ఏరుకొచ్చే మన అమ్మలు దయ్యాలకు భయపడి ఉంటే మన బుట్టలు నిండేవా?

అందుకని పెద్ద తరగతుల అన్నలకు, అక్కలకు నా మనవి. బేతాళ కథలు బాగా చెప్పండి, అర్ధరాత్రి శ్మశానం కూడా చెప్పండి. కానీ చివరిదాకా చెప్పండి. ఈ రాత్రి చిన్నోడెవడైనా లేపితే తిట్టకుండా టార్చి తీసుకొని వానితో పాటు బయటికి పోయి రండి.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి