ఏ గేమ్ ఆడుతున్నావని ఒక్కసారైనా అడిగామా?



ఈ వారం రాసే మాట కొందరికి నొప్పి కలిగించవచ్చు. ముందుగా మాకే కలిగించింది. "వీడియో గేములన్నీ సాతాను వల" అని వేదికల మీద నుండి చెప్పడం మనం ఇక మానుకోవాలి. అలా చెప్పినవారిలో మేమే మొదటివాళ్లం. ఆ మాట నిజం కాదు. పైగా అది మన పిల్లల నోరు మూయించింది.

జరిగింది చెబుతాం. మన సంఘంలో ఒక తల్లి, ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకును మా దగ్గరకు తీసుకొచ్చింది. "అయ్యగారూ, సెలవులకొచ్చిన కాడినుంచి వీడు లాప్‌టాప్ వదలట్లేదు. గేముల దయ్యం పట్టింది. ప్రార్థన చెయ్యండి" అంది. తల మీద చెయ్యి పెట్టి గట్టిగానే ప్రార్థించాం. ఆమేన్ అన్నాక ఆ అబ్బాయి మెల్లగా అన్నాడు: "అయ్యగారూ, నేను ఏ గేమ్ ఆడుతున్నానో మీరు అడగనే లేదు."

అప్పుడు అడిగాం. పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు.

దాని పేరు 'దట్ డ్రాగన్, క్యాన్సర్'. అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి చెందిన ర్యాన్ గ్రీన్, ఎమీ గ్రీన్ అనే విశ్వాసులైన భార్యాభర్తలు మరికొందరితో కలిసి దాన్ని తయారుచేశారు. వారి కుమారుడు జోయెల్‌కు ఏడాది వయసులోనే మెదడులో క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఎక్కువ కాలం బతకడని డాక్టర్లు అన్నారు. ఆ బిడ్డ నాలుగేళ్లు పోరాడి, 2014 మార్చిలో, అయిదేళ్ల వయసులో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయాడు. అతని పుట్టినరోజైన జనవరి 12వ తేదీనే, 2016లో, తల్లిదండ్రులు ఆ గేమ్ విడుదల చేశారు.

మేమూ చిన్నప్పుడు టౌనుకు వెళ్లినప్పుడల్లా చిల్లర దాచుకుని మారియో ఆడినవాళ్లమే. అందులో మూడు లైఫులుంటాయి. చచ్చినా మళ్లీ లేస్తాం. ఈ గేములో ఆ వీలు లేదు. ఎంత బాగా ఆడినా ఆ బాబును బతికించలేం. ఒకచోట రాత్రివేళ ఆసుపత్రి గది. తండ్రి ఒక్కడే ఉన్నాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. జ్యూస్ పట్టించినా, ఎత్తుకుని తిప్పినా, ఏం చేసినా ఆ ఏడుపు ఆగదు. చివరికి ఆ తండ్రి చేతులెత్తేసి ప్రార్థిస్తాడు. అప్పటికి గాని బిడ్డ నిద్రపోడు. ర్యాన్ జీవితంలో నిజంగా గడిచిన అలాంటి రాత్రిలోనుండే ఈ గేమ్ ఆలోచన పుట్టింది.

అది చూస్తూ ఆ అబ్బాయి ఏడ్చాడు. అప్పుడు మాకు గుర్తొచ్చింది. మూడేళ్ల క్రితం వాడి చెల్లెలు జబ్బుతో చనిపోయింది. స్వస్థత కోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించాం. పాప పోయాక సమాధి దగ్గర "దేవుని చిత్తం" అని రెండు మాటలు చెప్పి, భోజనాలు చేసి ఇళ్లకు వచ్చేశాం. విశ్వాసం చాలలేదని గుసగుసలాడినవాళ్లూ ఉన్నారు. అన్నగా ఆ పిల్లవాడి గుండెలో ఏముందో మనలో ఒక్కరమూ అడగలేదు. లాజరు లేస్తాడని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధి దగ్గర కన్నీరు విడిచాడే! మనకు అంత తీరిక లేకపోయింది. ఎక్కడో దూరదేశంలో ఉన్న ఒక తండ్రి చేసిన గేమ్ ఆ పిల్లవాడి పక్కన కూర్చుంది. దాన్ని మనం దయ్యం అన్నాం.

ఇలా పొరబడటం మనకు కొత్త కాదు. మా చిన్నతనంలో సినిమా చూస్తే సంఘంలో వెలివేసినంత పని చేసేవారు. మరి 1978లో విజయచందర్ గారు యేసుప్రభువుగా నటించిన 'కరుణామయుడు' వచ్చాక ఏమైంది? ప్రొజెక్టర్లు తెచ్చి, తెల్లటి తెర కట్టి ఊరూరా చూపించింది సేవకులే కదా. ఆ తెర ముందు నేల మీద కూర్చుని కన్నీళ్లతో ప్రభువును తెలుసుకున్నవారు ఈనాటికీ మన సంఘాల్లో ఉన్నారు. పాపం తెరలో లేదు, తెర మీద ఏం చూపిస్తున్నామన్నదే ప్రశ్న అని అప్పుడు ఒప్పుకున్నాం. గేముల దగ్గరికొచ్చేసరికి అది మరిచిపోయాం.

"అయ్యగారు పిల్లల్ని చెడగొడుతున్నారు" అని ఎవరైనా అంటారేమో. రాత్రి రెండింటిదాకా ఫోన్ పట్టుకునే పిల్లవాడిని గద్దించాల్సిందే. నరకడం, కాల్చడం తప్ప మరేమీ లేని ఆటలు పసివాళ్లకు తగవని మేమూ అంటాం. అన్నిటికంటే, డబ్బు పెట్టి ఆడేది ఆట కాదు, జూదం. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ దాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టం కూడా డబ్బు పందేన్ని, మామూలు ఆటను వేరుచేసి చూసింది. చట్టానికి ఉన్నపాటి వివేచన మన వేదికకు లేకపోతే ఎలా?

ఇంకో మాట కూడా దాచకుండా చెబుతాం. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర వేలకు వేలు కాసి వచ్చే పెద్దలు మనలో ఉన్నారు. ఆదివారం వారు ముందు వరుసలో కూర్చుంటారు. వారిని ఏమీ అనలేక, ఎదురు చెప్పలేని పదహారేళ్ల పిల్లల మీద గొంతు చించుకుంటున్నాం. దీన్ని పరిశుద్ధత అనకూడదు. ఇది పిరికితనం. ఇందులో మా వాటా ఎక్కువ.

యెరూషలేమును దేవుడు మళ్లీ కట్టే దినం గురించి జెకర్యా ప్రవక్త చెప్పినప్పుడు, వీధుల నిండా పిల్లలు ఆడుకుంటారని కూడా చెప్పాడు. ఆడుకునే పిల్లలను దేవుడు ఆశీర్వాదానికి గుర్తుగా చూపించాడు. మనకు మాత్రం వాళ్లు తలనొప్పిగా కనబడుతున్నారు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, ఈ రాత్రి ఫోన్ లాక్కోకముందు పక్కన కూర్చోండి. "ఏం ఆడుతున్నావు నాన్నా, నాకూ చూపించు" అనండి. చెడ్డదైతే అప్పుడు చెబుదురు. అప్పుడు మీ మాట వింటాడు. మేమూ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక యౌవనస్థులతో కూర్చుంటున్నాం. ప్రసంగం ఉండదు. వాళ్లు చూపిస్తారు, మేము చూస్తాం.

ఆ అబ్బాయి దగ్గరకు మళ్లీ వెళ్లాం. ఈసారి తల మీద చెయ్యి పెట్టకముందే క్షమించమని అడిగాం. తర్వాత వాడి చెల్లెలి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ప్రార్థన ఆ తర్వాతే చేశాం.

ప్రభువు మీ గృహములను, మీ పిల్లలను దీవించును గాక. ఆమేన్.