‘మిస్‌ఫైర్‌’ మాటున నిర్లక్ష్యం
ఖాళీ అనుకున్న తుపాకులే ప్రాణాలు తీస్తున్న వైనం

నాయుడుపేట: తుపాకీ మిస్‌ఫైర్‌ అయి కానిస్టేబుల్‌ మృతి... శుభ్రం చేస్తుండగా తుపాకీ పేలి విద్యార్థి దుర్మరణం... ఇటువంటి వార్తలు పత్రికల్లో తరచూ దర్శనమిస్తున్నాయి. రెండు రోజులు చర్చ జరుగుతుంది. శాఖాపరమైన విచారణకు ఆదేశిస్తారు. ఆపై అందరూ మరచిపోతారు. ఆ తుపాకీ ఎందుకు పేలింది, పేలకుండా ఉండాలంటే ఏం చేసి ఉండాల్సింది అన్న ప్రశ్న మాత్రం జవాబు లేకుండానే మిగిలిపోతోంది.

అసలు ‘మిస్‌ఫైర్‌’ అన్న మాటే తప్పు. ఆయుధ శిక్షణలో ఆ పదానికి అర్థం వేరు. ట్రిగ్గర్‌ నొక్కినా తూటా పేలకపోతే దానిని మిస్‌ఫైర్‌ అంటారు. పేలకూడని సమయంలో పేలడానికి ఆ పేరు వర్తించదు. పోలీసుల నోటి నుంచి విలేకరుల కలానికి, అక్కడి నుంచి శీర్షికలకు ఈ మాట పాకింది. ఈ వ్యాస రచయిత కూడా ఎన్నోసార్లు అలాగే రాసి పంపినవాడే. ఆ ఒక్క మాటతో నేరం యంత్రం మీదకు పోతుంది, మనిషి తప్పించుకుంటాడు. నిజానికి యంత్రం తనంతట తాను పేలిన సందర్భాలు తక్కువ. ట్రిగ్గర్‌ మీద వేలో, వస్త్రమో, మరో వస్తువో పడి పేలినవే అధికం.

గడచిన కొన్నేళ్ల ఘటనలను పరిశీలిస్తే ఈ విషయం బోధపడుతుంది. 2022 నవంబరులో కుమురం భీం ఆసిఫాబాద్‌ జిల్లా కౌటాల ఠాణాలో విధుల్లో ఉన్న కానిస్టేబుల్‌ చేతి తుపాకీ పేలి ప్రాణాలు కోల్పోయారు. 2023 ఆగస్టులో హైదరాబాద్‌ పాతబస్తీలోని హుస్సేనీ ఆలం ఠాణా పరిధిలో ఒక హెడ్‌ కానిస్టేబుల్‌, 2024లో సంగారెడ్డి జిల్లా భానూరు బీడీఎల్‌ వద్ద బస్సు దిగుతూ సీఐఎస్‌ఎఫ్‌ జవాను ఇదే రీతిన మరణించారు. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలనూ ఈ ముప్పు వదల్లేదు. 2023 ఫిబ్రవరిలో అలబామాలో ఒక తెలుగు విద్యార్థి పెట్రోలు బంకు కాపలాదారు తుపాకీ పేలి మృతి చెందారు. 2024 నవంబరులో జార్జియాలో మరో విద్యార్థి కొత్తగా కొన్న తుపాకీని శుభ్రం చేసుకుంటూ ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ రోజు ఆయన పుట్టినరోజు కావడం మరింత విషాదం.

వీరిలో తుపాకీ అంటే ఏమిటో తెలియని వారు కొందరే. మిగిలిన వారు శిక్షణ పొంది, ఏళ్ల తరబడి ఆయుధంతో గడిపిన వారన్నది గమనార్హం.

మన ముంగిట్లో ఎన్ని తుపాకులు?

నాయుడుపేటకు ఇదంతా దూరపు వ్యవహారం అనుకోవడానికి వీల్లేదు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు నుంచి విడివడి తిరుపతి జిల్లాలో కలిసిన ఈ పట్టణం చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారికి, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి వెళ్లే రహదారికి కూడలి. మేనకూరు పారిశ్రామికవాడకు, బ్యాంకులకు నగదు వాహనాలు నిత్యం తిరుగుతుంటాయి. వాటి వెంట సాయుధ కాపలాదారులు ఉంటారు. గన్‌మన్లతో వచ్చిపోయే నాయకులకు కొదవ లేదు. సూళ్లూరుపేట దాటితే శ్రీహరికోటలో అంతరిక్ష కేంద్రానికి సీఐఎస్‌ఎఫ్‌ బలగాల కాపలా ఉంది. ఆత్మరక్షణకు లైసెన్సు పొందిన వ్యాపారులు సరేసరి. పశ్చిమాన అడవి అంచు పల్లెల్లో లైసెన్సు లేని నాటు తుపాకుల బెడద ఉండనే ఉంది. నల్లమందు కూరిన నాటు తుపాకీని తిరిగి ఖాళీ చేయడం కష్టం కనుక, వేట దొరకకపోతే దానిని అలాగే భుజాన వేసుకుని పొదల్లో నుంచి ఇంటికి వస్తారు. ఏ కొమ్మ తగిలినా ప్రమాదమే. అది వేరే కథ, వేరే చట్టం.

కొన్నేళ్ల క్రితం పట్టణంలోని ఒక బ్యాంకులో చలానా కట్టడానికి వరుసలో నిలబడినప్పటి దృశ్యం ఇప్పటికీ కళ్లముందు మెదులుతోంది. కాపలాదారు డబుల్‌ బ్యారెల్‌ తుపాకీని ఒడిలో అడ్డంగా పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. గొట్టం సరిగ్గా వరుసలో ఉన్న వారి మోకాళ్ల వైపు ఉంది. ఒక పెద్దాయన ‘‘అయ్యా, ఆ గొట్టం కాస్త అటు తిప్పు నాయనా’’ అన్నారు. కాపలాదారు నవ్వి ‘‘ఖాళీదే సామీ’’ అన్నాడు. ఖాళీదో కాదో చూడాలన్న ఆలోచన ఆయనకూ రాలేదు, మాకూ రాలేదు.

‘మ్యాగజైన్‌ తీసేశాను కదా’

తుపాకీ ప్రమాదాల్లో అత్యధిక ప్రాణాలు తీసే భ్రమ ఇదే. పిస్టల్‌లో తూటాలు పిడి లోపలి మ్యాగజైన్‌లో ఉంటాయి. పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగి వదిలితే మ్యాగజైన్‌ పైనున్న తూటా ముందుకు జారి గొట్టం మొదట్లోని ఛాంబర్‌లో కూర్చుంటుంది. ఆ తర్వాత మ్యాగజైన్‌ను ఊడదీసినా ఛాంబర్‌లోని ఆ ఒక్కటి అక్కడే ఉంటుంది. చాలా పిస్టళ్లు మ్యాగజైన్‌ లేకున్నా దానిని పేల్చగలవు.

ఇంతకన్నా మోసకారి అయిన పొరపాటు మరొకటి ఉంది. ఖాళీ చేయడంలో వరుస తప్పడం. ముందు మ్యాగజైన్‌ తీయాలి, తర్వాత స్లైడ్‌ లాగాలి. తొందరలో ముందు స్లైడ్‌ లాగితే ఛాంబర్‌లోని తూటా ఎగిరి కింద పడుతుంది. అదే క్షణంలో మ్యాగజైన్‌లోని తదుపరి తూటా దాని స్థానంలోకి చేరుతుంది. ఆపై మ్యాగజైన్‌ తీస్తారు. నేల మీద పడిన తూటా కంటికి కనిపిస్తుంది, చేతిలో మ్యాగజైన్‌ ఉంటుంది. ఇక ఖాళీ కాక మరేమిటి అనిపిస్తుంది. తుపాకీ మాత్రం లోడై ఉంటుంది. సరిచూసుకోవడానికి ట్రిగ్గర్‌ నొక్కితే ఎదుట ఎవరున్నారన్నదే మిగిలిన ప్రశ్న.

ఎదుటి వారికి ఏమవుతుందో 2023 డిసెంబరు 8న ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌ ఠాణాలో దేశమంతా చూసింది. పాస్‌పోర్టు విచారణ నిమిత్తం కుమారుడితో కలిసి వచ్చిన మహిళ బల్ల ముందు నిలబడి ఉన్నారు. సిబ్బందిలో ఒకరు ఎస్సైకి పిస్టల్‌ అందించారు. ఆయన దానిని చేతిలోకి తీసుకుని చూస్తుండగానే పేలి తూటా ఆమె తలలోకి దూసుకుపోయింది. కొద్ది రోజులకు ఆమె మరణించారు. సీసీ కెమెరాలో ఈ దృశ్యం యావత్తూ నమోదైంది. ఇచ్చినవారు ఖాళీ చేసి చూపించలేదు, పుచ్చుకున్నవారు చూసుకోలేదు, గొట్టం గోడ వైపు కాక మనిషి వైపు ఉంది. మూడు తప్పుల్లో ఏ ఒక్కటి జరగకపోయినా ఆమె బతికి ఉండేది.

ఖాళీ చేసే పద్ధతి కష్టమైనదేమీ కాదు. గొట్టాన్ని మనుషులు లేని వైపు, వీలైతే ఇసుక నింపిన పెట్టె లేదా బస్తాల వైపు ఉంచాలి. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, తుపాకీ పక్క భాగాన చాచి ఉంచాలి. మ్యాగజైన్‌ తీసి, స్లైడ్‌ను రెండు మూడుసార్లు పూర్తిగా లాగి, చివరిసారి వెనక్కే నిలిపి ఛాంబర్‌లోకి కంటితో చూడాలి. చీకటిలో అయితే చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. గోడకు ఆనించిన ఇటుక పలచనిదైతే తూటా అవతలి గదిలోకి పోతుందన్న సంగతి కూడా మరువరాదు.

నడుముకు, జేబుకు, సొరుగుకు

రివాల్వర్‌ వ్యవహారం కొంత భిన్నం. గుండ్రటి సిలిండర్‌ను పక్కకు తెరిస్తే తూటాలు ఎన్ని ఉన్నాయో ఒక్క చూపులో తెలిసిపోతుంది. అయితే చాలా రివాల్వర్లకు విడిగా సేఫ్టీ మీట ఉండదు. పాత నమూనాల్లో హ్యామర్‌ ముక్కు నేరుగా తూటా అడుగున ఆని ఉంటుంది. అటువంటిది హ్యామర్‌ మీదుగా నేలపై పడితే ట్రిగ్గర్‌ జోలికి పోకుండానే పేలుతుంది. పాతకాలపు రివాల్వర్‌ ఉన్నవారు హ్యామర్‌ కింది గదిని ఖాళీగా వదలడం ఉత్తమం. ఆరు పట్టే చోట అయిదే పెట్టుకోవాలి.

హిందీ నటుడు గోవిందా ఉదంతం పాఠకులకు విదితమే. 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున కోల్‌కతా ప్రయాణానికి సిద్ధమవుతూ ముంబయిలోని తన ఇంట్లో లైసెన్సు రివాల్వర్‌ను భద్రపరుస్తుండగా అది చేజారి పేలిందని, తూటా కాలిలో దిగిందని ఆయన తరఫు వారు తెలిపారు. శస్త్రచికిత్సతో కోలుకున్నారు. ప్రయాణపు హడావుడిలో, నిద్ర తేరుకోని వేళ లోడైన ఆయుధాన్ని కదిలించడం ఎంత ప్రమాదమో ఆ ఘటన చెబుతోంది. మరొక్క విషయం. చేతిలోంచి జారే పిస్టల్‌ను గాలిలో పట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ తడబాటులో వేలు నేరుగా ట్రిగ్గర్‌లోకే పోతుంది. ఆధునిక పిస్టళ్లలో అధికశాతం కింద పడినా పేలకుండా లోపల అడ్డుకట్ట ఉంటుంది కనుక పడనివ్వడమే మేలు.

అలాగని అన్నీ నమ్మదగినవని కాదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి స్టెన్‌గన్‌ మడమ నేలకు తాకితే పేలుతుందని అపకీర్తి పొందింది. అమెరికాలో సిగ్‌ సాయర్‌ పీ320 పిస్టల్‌ ఒక కోణంలో పడితే పేలుతోందని 2017లో తేలడంతో ఆ సంస్థ లోపలి భాగాలను మార్చి ఇచ్చింది. ట్రిగ్గర్‌ నొక్కకుండానే పేలుతోందంటూ తర్వాతా దావాలు పడ్డాయి. లోపం లేదని సంస్థ వాదిస్తోంది.

ఇక మోసుకెళ్లే తీరు. మన ప్రాంతంలో పిస్టల్‌ అనగానే మొలలో దోపుకోవడమే గుర్తుకొస్తుంది. సినిమాలు నేర్పిన విద్య అది. ఒర లేకుండా నడుముకు దోపిన ఆయుధం నడకకు జారుతుంది. జారుతున్న దానిని పట్టుకోబోయిన చెయ్యి ఎక్కడ పడుతుందో చెప్పలేం. అమెరికా ఫుట్‌బాల్‌ క్రీడాకారుడు ప్లాక్సికో బరెస్‌ 2008లో న్యూయార్క్‌ నైట్‌క్లబ్బులో ఇలాగే నడుము నుంచి జారిన పిస్టల్‌తో తన తొడనే కాల్చుకున్నాడు. లైసెన్సు లేని ఆయుధం కావడంతో జైలుకూ వెళ్లాడు.

గట్టి ఒర తప్పనిసరి. అది ట్రిగ్గర్‌ భాగాన్ని పూర్తిగా కప్పాలి, తలకిందులు చేసినా పిస్టల్‌ జారకూడదు. చెమటకు నాని మెత్తబడిన పాత తోలు ఒర మరీ ప్రమాదకరం. దాని అంచు ముడుచుకుని ట్రిగ్గర్‌ కమ్మిలోకి దూరుతుంది, పిస్టల్‌ను లోపలికి నొక్కగానే వేలు చేసే పని తోలు చేస్తుంది. చొక్కా అంచు, జర్కిన్‌ తాడు కూడా అంతే. ఒరలో పెట్టేటప్పుడు తొందర కూడదు, కంటితో చూస్తూ పెట్టాలి. జేబులో పెట్టుకునే వారు అదే జేబులో తాళాలు, సెల్‌ఫోన్‌ ఉంచరాదు. పౌరులు ఛాంబర్‌ను ఖాళీగా ఉంచి మ్యాగజైన్‌ మాత్రమే పెట్టుకోవడం మంచిది. అవసరమైనప్పుడు స్లైడ్‌ లాగడానికి క్షణం పడుతుంది, నిజమే. ఆ క్షణం కోసం ఏడాది పొడవునా పేలే స్థితిలో ఉన్న ఆయుధాన్ని కడుపు పక్కన మోయడం ఎవరికి లాభమో ఆలోచించాలి.

కారు డ్యాష్‌బోర్డులో, దిండు కింద పెట్టే అలవాటు కూడా మానాలి. తిరుమల కొండపైకి ఆయుధాలు అనుమతించరు గనుక కింద వాహనంలో వదిలి వెళ్దామనుకునే వారు దొంగల సంగతి కూడా తలచుకోవాలి. ఇంట్లో అయితే తుపాకీ ఒక తాళంలో, తూటాలు మరో తాళంలో ఉండాలి. బీరువా తాళం ఎక్కడ ఉంటుందో పిల్లలకు తెలియని ఇల్లు మన పల్లెల్లో ఎక్కడుంది?

చట్టం ఏమంటోంది

2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్టల్‌ను ఒరలో గానీ, తగిన సంచిలో గానీ పూర్తిగా కప్పి, తన అదుపులో ఉండేలా తీసుకెళ్లాలి. బయటకు తీసి ప్రదర్శించడం, గాలిలో కాల్చడం నిషేధం. లైసెన్సు కోరేవారు ఆయుధ భద్రతపై శిక్షణ పొందాలన్న నిబంధన కూడా అందులో ఉంది. 2019 సవరణతో నిర్లక్ష్యంగానో, వేడుక కోసమో కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడుతుంది. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే.

అయితే అదే 2019 సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. యజమానులకు ఇది వెసులుబాటే. కానీ తుపాకీ ఏ స్థితిలో ఉందో అధికారుల కంట పడే సందర్భాలు తగ్గాయి. మధ్యలో మిగిలింది ఎన్నికల వేళ డిపాజిట్‌ ఒక్కటే. 2024 మే 13 నాటి పోలింగ్‌కు ముందు జరిగినట్లే, ప్రతి ఎన్నికల ముందూ లైసెన్సుదారులు ఆయుధాలను ఠాణాల్లో అప్పగించి, తర్వాత తీసుకుంటారు. రద్దీగా ఉండే ఠాణా వసారాలో, ఫిర్యాదుదారుల మధ్య, బల్ల మీద ఆయుధాలు చేతులు మారే రోజులవి. అలీగఢ్‌ ఘటన జరిగినది అటువంటి బల్ల వద్దనే.

ఆ రోజుల్లో ప్రతి ఠాణా ఆవరణలో ఒక మూల ఇసుక పెట్టె పెట్టి, అక్కడ ఖాళీ చేసి చూపిన తర్వాతే ఆయుధాన్ని లోపలికి తీసుకునే ఏర్పాటు చేస్తే అయ్యే ఖర్చు అరబండి ఇసుక. అప్పగించిన యజమానికి అక్కడే పది నిమిషాలు ఖాళీ చేసే వరుస నేర్పించి సంతకం తీసుకోవడానికి కొత్త జీవో కూడా అక్కర్లేదు. ఇటువంటి ఘటన జరిగినప్పుడు విలేకరులు కూడా ‘మిస్‌ఫైర్‌’ అని రాసి ఊరుకోకుండా ఛాంబర్‌లో తూటా ఎందుకుంది, చివరిగా ఖాళీ చేసింది ఎవరు, గొట్టం ఎటు ఉంది అన్న మూడు ప్రశ్నలు స్టేషన్‌ అధికారిని అడగవచ్చు.