నూరు రూపాయల పందెం, నూట నలభై రూపాయల టికెట్టు

మలక్‌పేట రేసు మైదానంలో టోట్ కిటికీ ముందు నిలబడి ఒక గుర్రంపై నూరు రూపాయలు కాయదలచినవాడు 2025 సెప్టెంబరు 22 నుంచి నూట నలభై రూపాయలు చెల్లించవలసి వస్తున్నది. గుర్రం గెలిస్తే అతనికి డివిడెండు లెక్కగట్టేది నూరు రూపాయల మీదనే. ఓడితే చేజారేది మాత్రం నూట నలభై. గెలుపోటములు తేలకముందే, గుర్రాలు గేటు దాటకముందే ఖజానా తన వాటాను తీసుకొని పక్కకు తప్పుకుంటుంది. అతను అదృష్టవశాత్తు పెద్ద మొత్తం గెలిచిన రోజున మరొకసారి ముందుకు వస్తుంది. ఈసారి ఆదాయపు పన్ను శాఖ రూపంలో.

పందెగాడి కష్టాలపై సానుభూతి కూడగట్టడం మన సమాజంలో సులభం కాదు. ధర్మరాజు కాలం నుంచీ పందెం అంటే పతనమనే పాఠం నేర్చుకున్న జాతి మనది. ఆ పాఠంలో తప్పేమీ లేదు కూడా. అయితే ఇక్కడ ప్రశ్న పందెం మంచిదా చెడ్డదా అన్నది కాదు. చట్టం అనుమతించిన ఒక వ్యవహారంలో, చట్టబద్ధమైన కిటికీ వద్ద, రసీదు తీసుకొని డబ్బు కట్టిన పౌరుడి నుంచి రాజ్యం దేనిపై పన్ను వసూలు చేస్తున్నది? అతని ఆదాయం మీదనా, చేతులు మారే డబ్బు మీదనా?

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు గుర్రపు పందేలు 28 శాతం శ్రేణిలో చేరాయి. 2018 జనవరిలో చేర్చిన 31ఏ నిబంధన ఆ శాతాన్ని దేనిపై లెక్కించాలో తేల్చింది. క్లబ్బుకు దక్కే కమీషను మీద కాదు, పందెం పూర్తి ముఖవిలువ మీద. 2025 సెప్టెంబరు 3న సమావేశమైన జీఎస్టీ మండలి శ్లాబులను సంస్కరించి, సబ్బులూ బిస్కట్లపై పన్ను తగ్గించి, లాటరీ, కేసినో, గుర్రపు పందేలను కలగలిపి 40 శాతం గదిలోకి నెట్టింది. పండుగ కానుకగా ప్రచారమైన ఆ సంస్కరణ హోరులో ఈ పెంపును పట్టించుకున్నవారు అరుదు.

ముఖవిలువ మీద పన్ను అంటే ఏమిటో ఒక లెక్కతో చూడాలి. ప్రేక్షకులందరినీ ఒకే పందెందారుగా ఊహించుకుందాం. అతని జేబులో 140 రూపాయలున్నాయి. మొదటి రేసుకు 100 పందెం, 40 పన్ను. క్లబ్బు తన కమీషను, ఇతర కోతల కింద 20 ఉంచుకుంటుందని అనుకుంటే, గెలిచినవారికి తిరిగి వచ్చేది 80. ఆ ఎనభైతో రెండవ రేసు ఆడితే పందెంలోకి వెళ్లేది 57 రూపాయలే, మిగతా 23 పన్ను. తిరిగి చేతికి వచ్చేది 46. మూడవ రేసు ముగిసేసరికి 26. నాలుగవది ముగిసేసరికి 15. ఒక మధ్యాహ్నం నాలుగు రేసులలో 140 రూపాయల నుంచి ఖజానాకు చేరినది దాదాపు 83, క్లబ్బుకు దాదాపు 42, పందెందారులందరికీ కలిపి మిగిలినది 15. మైదానంలో పోటీ పడినవి గుర్రాలే గాని, ప్రతి రేసులోనూ గెలిచినది పన్నే.

ఒకే రూపాయి చేతులు మారిన ప్రతిసారీ పన్ను పడటం ఇందులోని అసలు దోషం. వ్యాపారంలో ఈ దోషాన్ని తొలగించడానికే కదా జీఎస్టీ తెచ్చామన్నారు! పన్ను మీద పన్ను ఉండదన్నది ఆ వ్యవస్థ ఇచ్చిన మొదటి వాగ్దానం.

ఈ దోషం మండలికి తెలియదనుకోవడానికి వీలు లేదు. 2023లో ఆన్‌లైన్ ఆటలకూ కేసినోలకూ 31బీ, 31సీ అనే రెండు కొత్త నిబంధనలు రూపొందించి, ఆ అక్టోబరు 1 నుంచి అమలులోకి తెచ్చారు. కేసినోలో చిప్పులు కొనుక్కోవడానికి కట్టిన మొత్తంపైనే పన్ను. ఆ తర్వాత గెలిచిన సొమ్మును బయటికి తీసుకోకుండా మళ్లీ ఆడితే, దానిని కొత్తగా చెల్లించిన మొత్తంగా పరిగణించరాదని వివరణ రాశారు. అంటే పణజీలో రూలెట్ చక్రం ముందు కూర్చున్నవాడికి గడప దగ్గర ఒక్కసారే పన్ను. మలక్‌పేటలోనో గిండీలోనో రేసు పుస్తకం చదువుకుంటూ కూర్చున్నవాడికి ప్రతి రేసుకూ పన్ను. గుర్రపు పందేల 31ఏ నిబంధనకు ఆ వివరణ వర్తించదు. కేసినో జూదరికి చూపిన ఈ దయ రేసు పందెందారుకు ఎందుకు చూపలేదో ప్రభుత్వం ఎక్కడైనా సమాధానం చెప్పవలసి ఉన్నది.

ఆదాయపు పన్ను వైపు చూస్తే అన్యాయం ఇంకా ముదురుతుంది. 1961 చట్టంలోని 115బీబీ సెక్షన్ ప్రకారం రేసు గెలుపుపై పన్ను 30 శాతం, దానిపై 4 శాతం సెస్సు. మరే ఆదాయమూ లేనివాడికి సైతం ప్రాథమిక మినహాయింపు పరిమితి ఇక్కడ అక్కరకు రాదు. అంతకంటె కఠినమైనది 58వ సెక్షన్‌లోని నాలుగవ ఉపవిభాగం. గెలుపు నుంచి ఏ ఖర్చునూ తీసివేయరాదని దాని శాసనం. ఏడాది పొడవునా ఆడి, గెలిచిన పందేలలో లక్షా ఇరవై వేలు సంపాదించి, ఓడిన పందేలలో రెండు లక్షలు పోగొట్టుకున్న మనిషిని తీసుకోండి. అతనికి మిగిలినది ఎనభై వేల నష్టం. అయినా చట్టం దృష్టిలో అతని ఆదాయం లక్షా ఇరవై వేలు. కట్టవలసిన పన్ను 37,440 రూపాయలు. పందేలపై ముందే కట్టిన జీఎస్టీ దీనికి అదనం.

అదే ఉపవిభాగంలో ఒక మినహాయింపు ఉంది. అది గుర్రాల యజమానులకు. రేసుల కోసం గుర్రాలను పోషించేవారు తమ ఆదాయం నుంచి దాణా, శిక్షణ ఖర్చులను మినహాయించుకోవచ్చు. నష్టం వస్తే 74ఏ సెక్షన్ కింద నాలుగేళ్లపాటు ముందుకు తీసుకుపోయి అదే రకమైన ఆదాయంతో సరిపెట్టుకోవచ్చు. గుర్రపుశాలలు పెంచగల స్తోమత ఉన్నవాడి నష్టం చట్టానికి కనిపిస్తుంది, గ్యాలరీలో నిలబడి నూరు రూపాయలు కాసేవాడి నష్టం కనిపించదు. గుర్రపు పందేలు రాజుల క్రీడ అంటారు గాని, ఈ విషయంలో చట్టం ఆ నానుడిని అక్షరాలా పాటిస్తున్నది.

ఆన్‌లైన్ ఆటలతో పోల్చినా ఇదే కథ. 2023 ఏప్రిల్ నుంచి వాటికి నికర గెలుపు అనే భావనను ఆదాయపు పన్ను చట్టంలో ప్రవేశపెట్టారు. వెనక్కి తీసుకున్న మొత్తం నుంచి జమ చేసిన మొత్తాన్ని తీసివేసి, మిగిలిన దానిపైనే 30 శాతం. లెక్క సాధ్యమేనని, న్యాయమేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లు కదా! 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి డబ్బుతో ఆడే ఆ ఆన్‌లైన్ ఆటలనే నిషేధించింది. నష్టాన్ని లెక్కలోకి తీసుకునే ఉదారత ఎవరికి దక్కిందో వారి ఆట ప్రమాదకరమని తేలింది. సాక్షాత్తు సర్వోన్నత న్యాయస్థానం నైపుణ్య క్రీడగా గుర్తించిన దానికి ఆ ఉదారత నేటికీ లేదు. 1961 చట్టం పోయి 2025 చట్టం వచ్చినా రేసు పందెందారు విషయంలో సూత్రం మారలేదు. మారినదల్లా మూలంలో కోత విధించే పద్ధతి. 2023లో ఏడాది మొత్తం గెలుపులను కూడి పదివేలు దాటితే కోత వేయాలన్నారు. చిన్న చిన్న గెలుపులను సైతం మనిషి మనిషికీ లెక్కగట్టలేక క్లబ్బులు సతమతమయ్యాయి. 2025 ఏప్రిల్ నుంచి ఒక్క లావాదేవీలో పదివేలు దాటితేనే కోత. ఇది మంచి మార్పే. కాని కోత తగ్గినంత మాత్రాన పన్ను బాధ్యత తగ్గలేదు.

అమెరికాలో 2025 జులైలో ఆమోదం పొందిన పన్నుల చట్టం జూద నష్టాల మినహాయింపును 2026 నుంచి 90 శాతానికి కుదించింది. ఆ పది శాతం కోసం అక్కడ దుమారం రేగింది. పాత పద్ధతిని పునరుద్ధరించాలంటూ నెవాడా ప్రతినిధి డైనా టైటస్ వెంటనే బిల్లు ప్రవేశపెట్టారు. భారతదేశంలో ఆ మినహాయింపు సున్నా. దుమారమూ సున్నాయే.

నైపుణ్యం మాట వచ్చింది కనుక ఒక పాత కథ. భారతంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడికి పాచికల మర్మమైన అక్షహృదయం తెలుసు, నలుడికి అశ్వహృదయం తెలుసు. ఇద్దరూ ఒకరి విద్య ఒకరికి ఇచ్చుకున్నారు. గుర్రాన్ని ఎరగడం వేరు, పాచికను ఎరగడం వేరు అన్న వివేకం ఆ కథలోనే ఉంది. 1996 జనవరిలో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదీ దాదాపు ఇదే. గుర్రం వంశం, దాని ఫామ్, జాకీ సామర్థ్యం, మోసే బరువు, నేల తీరు ఇవన్నీ పరిశీలించి కాసే పందెంలో నైపుణ్యానిదే పైచేయి, అది జూదం కాదని తీర్పు చెప్పి, మద్రాసు రేసు క్లబ్బును స్వాధీనం చేసుకోవడానికి తమిళనాడు చేసిన చట్టాన్ని కొట్టివేసింది. పన్నుల శాసనకర్తలు మాత్రం అశ్వహృదయాన్నీ అక్షహృదయాన్నీ ఒకే మూటలో కట్టారు.

న్యాయస్థానాలలో పోరాటం జరగకపోలేదు. 2021 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 31ఏ నిబంధనలోని మూడవ ఉపనిబంధన చట్టం ఇచ్చిన అధికార పరిధిని మీరిందని కొట్టివేసింది. పందెం సొమ్మును క్లబ్బు తాత్కాలికంగా తన వద్ద ఉంచుకుంటుందే తప్ప అది క్లబ్బు ప్రతిఫలం కాదని, కమీషనే ప్రతిఫలమని ఆ తీర్పు సారాంశం. ఆ సూత్రం నిలిచి ఉంటే, పై లెక్కలో 20 రూపాయల కమీషనుపై 40 శాతం చొప్పున పన్ను ఎనిమిది రూపాయలు. నలభైకీ ఎనిమిదికీ మధ్య ఉన్న దూరమే ఈ వివాదం. కాని లాటరీ విషయంలో బహుమతి సొమ్మును కూడా కలిపి పన్ను వేయడాన్ని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులోనే సమర్థించింది. ఆపై 2023లో కేంద్రం చట్టాన్నే సవరించి గుర్రపు పందేలను పేరుపెట్టి జాబితాలోకి ఎక్కించింది.

ఇంత పన్ను తర్వాత పందెం ఆగిపోతుందా? ఆగదు, కిటికీ మారుతుంది. ఫోను మీద పందెం తీసుకునే అక్రమ బుకీ వద్ద నూరు రూపాయల పందెం నూరు రూపాయలే. జీఎస్టీ లేదు, పాన్ కార్డు అడగడు, అప్పు కూడా ఇస్తాడు. ఆ అప్పు వసూలు చేసుకునే తీరు వేరే కథ. కుటుంబాలు కూలేది అక్కడే. రేసు అదే, గుర్రం అదే, ఫలితం అదే. బహుమతి సొమ్ముకూ, మైదానం నిర్వహణకూ, సైసుల నుంచి నాడాలు కొట్టేవారి వరకూ వందలాది జీవనాలకూ ఆధారమైన కమీషను మాత్రం క్లబ్బుకు చేరదు. ఖజానాకు నలభై కాదు, నాలుగు రూపాయలు కూడా చేరవు.

పొగాకుపై భారీ పన్ను వేస్తే వాడకం తగ్గుతుంది కదా, ఇదీ అంతే అని వాదించేవారున్నారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. రేసు వ్యసనం వాస్తవం, దాని బారిన పడిన ఇళ్లూ వాస్తవమే. కాని సిగరెట్టును ఎవరో ఒకరు తయారుచేసి, రవాణా చేసి, అమ్మాలి. పందేనికి ఒక మాట చాలు. పన్ను పెంచిన కొద్దీ అక్రమ మార్గానికి దారి వెడల్పవుతుంది.

బ్రిటన్ ఈ అనుభవాన్ని రెండుసార్లు చవిచూసింది. 1926లో ఆర్థికమంత్రిగా విన్‌స్టన్ చర్చిల్ పందేలపై పన్ను విధించారు. ఎగవేతల ధాటికి కొన్నేళ్లకే అది రద్దయింది. 1990ల చివరికి అక్కడి పందెందారులు దాదాపు తొమ్మిది శాతం కోత భరిస్తూ, విసిగి, జిబ్రాల్టర్ వంటి చోట్ల నుంచి నడిచే బుకీలకు ఫోన్లు చేయసాగారు. 2001 అక్టోబరులో గార్డన్ బ్రౌన్ ఆ పన్నును ఎత్తివేసి, బుకీల స్థూల లాభంపై 15 శాతం విధించారు. చట్టబద్ధమైన పందేల టర్నోవరు పెరిగింది. తొమ్మిది శాతానికే జనం సముద్రం దాటితే, నలభై శాతానికి వీధి దాటరా?

ఒకప్పుడు ఇది రాష్ట్రాల వ్యవహారం. హైదరాబాద్ సంస్థానంలో 1358 ఫసలీ నాటి రెగ్యులేషన్ కింద మొదలైన పందెం పన్ను తర్వాత రాష్ట్ర శాసనంగా కొనసాగింది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో పందేల నియంత్రణ 34వ అంశం; వాటిపై పన్ను 62వ అంశం. 101వ సవరణతో రెండవది జీఎస్టీలో కలిసిపోయింది. పందెం అనుమతించాలా వద్దా అన్నది నేటికీ రాష్ట్రాల చేతిలో ఉన్నది, ఎంత పన్ను వేయాలన్నది మాత్రం ఢిల్లీలోని బల్ల దగ్గర తేలుతున్నది. మలక్‌పేట మైదానం బతుకుతుందా లేదా అన్నది తెలంగాణ శాసనసభలో చర్చకు రాదు. 2023లో గోవా, సిక్కిం తమ కేసినోల కోసం మండలిలో గట్టిగా మాట్లాడాయి. పందెందారులకు ఓటు బ్యాంకు లేదు, సంఘమూ లేదు. తాము రేసులకు వెళతామని బంధువుల ముందు ఒప్పుకునే అలవాటు సైతం లేనివారు ధర్నాకు కూర్చుంటారా?

కేసినోలకు రాసిన ఆ ఒక్క వివరణను గుర్రపు పందేల నిబంధనకూ వర్తింపజేయడానికి పార్లమెంటు అవసరం లేదు. మండలి సిఫారసు, ఒక నోటిఫికేషన్ చాలు. ఏడాది గెలుపుల నుంచి ఆ ఏడాది ఓటములను తీసివేయనివ్వాలంటే చట్ట సవరణ కావాలి. నష్టాన్ని నిరూపించడానికి ఆధారం చట్టబద్ధమైన కిటికీ ఇచ్చే రసీదే కనుక, ఆ సవరణ పందెందారును అక్రమ బుకీ నుంచి మైదానానికి రప్పించే మొదటి కారణమవుతుంది. రెండింటిలో మొదటిది తదుపరి మండలి సమావేశపు ఎజెండాలో ఒక వాక్యం.