మంట వెనుక మనిషి

ఇంగ్లండు పల్లెసీమల్లోని పాత భవంతులకు వెళితే, హాలులో గోడలోకి కట్టిన పెద్ద చలిమంట గూడు కనిపిస్తుంది. కట్టెలు మండేచోట, వెనుకగోడకు ఆనించి నల్లటి పోతయినుము పలక ఒకటి వుంటుంది. దాని పేరు ఫైర్‌బ్యాక్. అది చేసే పనులు రెండు: సెగకు గోడ పగలకుండా అడ్డం కాస్తుంది; తాను కాగి, ఆ వేడిని గదిలోకి పంపుతుంది. మంట ఆరినా దాని వెచ్చదనం చాలాసేపు వుంటుంది.

ససెక్స్, కెంట్ సీమల్లోని వీల్డ్ ప్రాంతం ఈ పలకలకు పేరు పొందింది. ఇనుపరాయీ అక్కడే, బొగ్గు కాల్చుకోవడానికి అడవులూ అక్కడే. ఇంగ్లండులోని తొలి బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఒకటి 1496లో అక్కడి న్యూబ్రిడ్జ్‌లోనే వెలిసింది. పని పద్ధతి చూడండి: నేలమీద ఇసుక చదునుచేసి, చెక్క అచ్చు నొక్కి, ఆ గుంటలో కరిగిన ఇనుము పోయడమే! తొలిరోజుల్లో తాడుముక్కలూ, కత్తులూ కూడా నొక్కేవారు.

దొరలు తమ వంశచిహ్నాలు పోయించుకున్నారు. 1651లో రెండవ చార్లెస్ శత్రువులకు చిక్కకుండా ఓక్ చెట్టెక్కి దాక్కున్న కథ కూడా, మూడు కిరీటాలున్న చెట్టు బొమ్మగా పలకల కెక్కింది.

ఇన్ని రాజలాంఛనాల మధ్య ఒక పలక తీరే వేరు. బ్రీడ్ కొలిమిలో పోతపని చేసే రిచర్డ్ లెనార్డ్ 1636లో తన బొమ్మనే పోసుకున్నాడు. పక్కన కుక్క, కొలిమి, పనిముట్లు. పైగా తన పేరు, ఊరు, సంవత్సరం!

అయితే పలకమీది సంవత్సరాన్ని చూసి కొనేవారు జాగ్రత్తపడాలి. పాత పలకనే ఇసుకలో నొక్కి కొత్తది పోయవచ్చు. ఇనుము చల్లారితే అడుగుకు సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు కుంచించుకుపోతుంది. కనుక నకలు అసలుకంటే పొట్టిది, గీతలూ మొద్దుబారతాయి. పాత అచ్చులూ వూరికే వుండలేదు. సర్రేలోని క్రోహర్స్ట్ చర్చిలో ఆన్ ఫార్‌స్టర్ అనే ఆవిడకు 1591 నాటి ఇనుప సమాధిపలక వుంది. ఆ వాక్యాలతోనే ఫైర్‌బ్యాక్‌లు కూడా పోశారు! పాపం, ఆవిడ మరణవార్త ఎవరెవరి యిళ్ళలోనో చలిమంట వెనుక చేరింది.

లెనార్డ్ పలకకూ నకళ్ళు చాలా వచ్చాయి. రాజుగారి ముద్ర పోసిన పనివాళ్ళలో ఎందరి పేర్లో మనకు మిగలలేదు. తన ముఖం తానే పోసుకున్న ఈ ఒక్కడు మాత్రం ఊరూ పేరుతో సహా నిలిచాడు.