దీర్ఘగద్య పఠనం: కుదింపు కాదు, అన్వయం కావాలి

విద్యార్థి దీర్ఘమైన గద్యభాగాన్ని గ్రహించలేకపోతున్నాడన్న ఫిర్యాదు తెలుగు బోధనారంగంలో తరచు వినబడుతుంది. దానికి సూచించే పరిష్కారం సాధారణంగా ఒక్కటే: పాఠాన్ని కుదించడం. ఈ పరిష్కారం ఉపాధ్యాయుని పనిని తగ్గిస్తుందే గాని విద్యార్థి శక్తిని పెంచదు.

ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతాలలో కుదింపుకు రెండు కారణాలు చూపవచ్చు. మొదటిది భాష. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. కన్నడం, ఉర్దూ ఇంటిభాషలుగా గల పిల్లలు నేటికీ ఇక్కడి తెలుగు తరగతులలో ఉన్నారు. రెండవది వలస. సుగ్గికాలంలో మిరపకోతకు గుంటూరు వైపు, పత్తితీతకు తెలంగాణ వైపు వెళ్ళే కుటుంబాల వెంట పిల్లలూ పోవడంతో నెలల తరబడి చదువు తెగుతుంది. రెండూ వాస్తవాలే. అయితే పాఠం చిన్నది కావాలన్న నిర్ణయం వీటి నుండి రాదు. తెగిన చదువుకు తెగిన పాఠం తోడైతే, ఆద్యంతాలు గల రచనను ఆ విద్యార్థి ఎన్నడూ చూడడు. రేపు అతని చేతికి వచ్చే భూమి దస్తావేజును ఎవరూ కుదించి ఇవ్వరు.

అసలు చిక్కు పాఠం నిడివిలో కంటె వాక్యనిర్మాణంలో ఉంది. తెలుగులో సమాపక క్రియ సాధారణంగా చివర వస్తుంది. దానికి ముందు క్త్వార్థకాలు, శత్రర్థకాలు, క్రియాజన్య విశేషణాలు వరుసగా చేరుతాయి. నెమ్మదిగా చదివేవాడు క్రియను చేరేసరికి కర్తను మరచిపోతాడు. ‘వలసపోయి తిరిగివచ్చిన తండ్రి మరల బడిలో చేర్చిన బాలుడు పాఠం అందక మానివేశాడు’ అన్న వాక్యంలో తిరిగివచ్చినది ఎవరు, చేర్చినది ఎవరు, మానినది ఎవరు? అక్షరాలన్నీ వచ్చినవాడు కూడా ఇక్కడ తడబడవచ్చు.

ప్రధానక్రియను ముందు పట్టుకొని, ఆకాంక్షను అనుసరించి ప్రశ్నిస్తూ పోయే ఖండాన్వయం ఇందుకు తగిన సాధనం. గద్యం తనంతట తానే బోధపడుతుందన్న అపోహతో దానిని పద్యానికే పరిమితం చేయడం జరిగింది. అట్లే రచన తాత్పర్యాన్ని నిర్ణయించడానికి మీమాంసా వేదాంత శాస్త్రాలు ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అనే లింగాలను చెప్పాయి. ఆదిని అంతంతో పోల్చడం, మరల మరల వచ్చే మాటను గుర్తించడం, కొత్తగా చెప్పినదేదో, దాని ప్రయోజనమేమో, పొగడ్త ఏదో, యుక్తి ఏదో విడదీయడం ఉన్నత పాఠశాల విద్యార్థికి అసాధ్యం కావు. కాని ఇవి సమగ్ర పాఠంలోనే పనిచేస్తాయి. కుదించేవారు మొదట కొట్టివేసేది పునరుక్తినే. తాత్పర్యాన్ని పట్టిచ్చే గుర్తులలో అదీ ఒకటి!

ఇంత బోధనకు కాలం చాలదన్నది ఒక ఆక్షేపణ. ప్రశ్నలోని మాటను గద్యభాగంలో వెదకి ఆ వాక్యాన్ని ఎత్తిరాయించే అభ్యాసానికి కాలం చాలుతున్నప్పుడు ఈ ఆక్షేపణ నిలవదు. 1938లో నేతగాండ్ర సహకార సంఘం వెలసిన ఎమ్మిగనూరులో పడుగు పొడవైనదని ఎవరూ దానిని తెగగోయరు. చుట్టి ఉంచి, నేసినమేరకు విప్పుకొంటారు. పాఠాన్నీ అట్లే నడపవచ్చు. ఉపాధ్యాయుడు మొదట ఆసాంతం చదివి వినిపించాలి. విషయం మలుపు తిరిగే చోట్ల విభజించాలి. ఒక్కొక్క భాగపు సారాన్ని విద్యార్థి చేత, ఇంటిభాషలోనైనా సరే, ఒక వాక్యంగా చెప్పించాలి. చివరకు ఆ వాక్యాలను కలిపి తెలుగులో రాయించాలి.

వాక్యవిన్యాసంపై పరిశోధించే తెలుగుశాఖలు ఆ జ్ఞానాన్ని బడిగది వరకు చేర్చకపోవడం క్షమార్హం కాదు. విద్యార్థి అశక్తతగా పేరుపడినదానిలో అధికభాగం బోధన చేయక వదలిన పనియే.