గొడుగు గురి మన చేతిలో ఉండాలి

ఈ వారం విత్తనం గురించో ఎరువు గురించో కాకుండా మిద్దె మీది టీవీ గొడుగు గురించి రాస్తున్నానని నవ్వుకోవద్దు. చివరిదాకా చదివి ఆ తర్వాత నవ్వండి.

మా పక్క చేను రైతు ఓ ఏడాది బుడ్డలు పీకి చేలోనే ఆరేశాడు. రెండు రోజుల్లో వాన ఉందని టీవీలో చెప్పనే చెప్పారు. చెప్పింది ఆయన చెవిన పడలేదు. రెండు నెలల ముందు గాలికి గొడుగు తిరిగిపోయింది. సరిచేసే మనిషి టౌను నుంచి రావాలంటే నాలుగు వందలు అడిగాడు. "పంట చేతికి రానీ, చూద్దాంలేప్పా" అన్నాడు మా రైతు. వాన మూడు రోజులు పట్టింది. కాయ రంగు పోయింది. కట్టె నల్లబడి పశువులు మూతి పెట్టలేదు. నాలుగు వందలు మిగిలాయి, వేలు పోయాయి.

తప్పు ఆయనదే అనను. గొడుగు తిప్పడం మనకు రాని విద్య అని మనమే అనుకున్నాం. నాగలి కర్రు, మోటారు ఫ్యూజు, పైరు తెగులు అన్నీ మనమే చూసుకుంటాం. గొడుగు దగ్గరకొచ్చేసరికి చేతులు కట్టుకుంటాం. ఇది మారాలన్నదే నా వాదన.

పాత రోజుల్లో ఈ భయం లేదు. మిద్దె మీద నిచ్చెనలాంటి కడ్డీల యాంటెన్నా ఉండేది. ఒకరు పైనెక్కి తిప్పితే, ఇంకొకరు గడపలో నిలబడి "వచ్చె... వచ్చె... పోయె!" అని అరిచేవారు. ఆ కాలం పోయింది. నేల మీది పాత ట్రాన్స్‌మిటర్లను, కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప, 2022 మార్చి నాటికి ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. ఇక ఆ కడ్డీలు కాకులు వాలడానికే. ఆ యాంటెన్నాకు కొత్త బూస్టరు తగిలిస్తే మన పల్లెలో అన్నీ వస్తాయని ఎవరైనా అమ్మజూపితే డబ్బు తగలేసుకోవద్దు.

ఇప్పుడు నెల కట్టుబడి లేకుండా దొరికేది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో మొదలైంది. గొడుగు, పెట్టె కలిపి ఒకసారి సుమారు రెండు వేలు పెడితే చాలు. మీరు అలవాటుగా చూసే ప్రైవేటు తెలుగు ఛానళ్లు చాలావరకు ఇందులో రావు, ముందే చెబుతున్నా. కానీ దూరదర్శన్ తెలుగు ఛానళ్లు సప్తగిరి, యాదగిరి వస్తాయి. నెలకు మూడు వందలు కట్టే ఇంట్లో ఏడాదికి 3,600 అవుతుంది. బస్తా 1,350 చొప్పున రెండు బస్తాల డీఏపీ వచ్చి, ఇంకా మిగిలే సొమ్ము. ఎవరికేది ముఖ్యమో వాళ్లే తేల్చుకోవాలి.

ఇక గురి సంగతి. ఫ్రీ డిష్ ప్రసారం జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. భూమధ్యరేఖకు పైన 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద అది కదలనట్టే ఉంటుంది. మన కర్నూలు వైపు నుంచి చూస్తే సరిగ్గా ఆగ్నేయ మూల. పొద్దు పొడిచే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే కుడిచెయ్యి దక్షిణం. ఆ రెండింటికీ నడిమధ్య చూడండి, అదే దారి. ఫోన్లో దిక్సూచి చూసేటట్లయితే గొడుగు ఇనుముకు నాలుగడుగుల ఎడంగా నిలబడి చూడాలి. ఇనుము ముల్లును తప్పుదారి పట్టిస్తుంది.

మొదట గొడుగు నిలిపిన పైపు నిటారుగా ఉందా చూడండి. దారానికి రాయి కట్టి వేలాడదీస్తే తెలిసిపోతుంది. పైపు వంకర అయితే ఎంత తిప్పినా గురి కుదరదు. తర్వాత అడ్డం ఏమైనా ఉందా చూడాలి. గొడుగు నుంచి చెట్టు ఎంత దూరమో, గొడుగుకు పైన దానికి రెండింతల ఎత్తు లేకపోతే ఇబ్బంది లేదు. పదడుగుల దూరంలో ఆగ్నేయాన ఉన్న వేపచెట్టు గొడుగు కంటే ఇరవై అడుగులు మించి పెరిగితే సిగ్నల్ ఆగిపోతుంది. అప్పుడు చెట్టు కొట్టకండి, గొడుగు జరపండి.

పెట్టెలో ఇన్‌స్టలేషన్ పేజీ తెరిస్తే రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంగ్త్ గీతను చూసి మోసపోవద్దు. వైరు బాగుంటే అది గొడుగు ఎటు చూస్తున్నా వెలుగుతుంది. క్వాలిటీ గీత లేవాలి. బోల్టు కాస్త వదులు చేసి గొడుగును కొద్దికొద్దిగా జరపండి. జరిపిన ప్రతిసారీ ఐదు అంకెలు లెక్కపెట్టి ఆగండి. పెట్టె సిగ్నల్ పట్టుకోవడానికి ఆ మాత్రం టైము తీసుకుంటుంది. గబగబా తిప్పేవాడికి ఎప్పటికీ దొరకదు. ఇక్కడ ఒక డిగ్రీ తప్పితే ఉపగ్రహం ఉన్నచోట ఆరు వందల కిలోమీటర్లకు పైగా తప్పినట్టే. ముందు పక్కలకు, తర్వాత పైకీ కిందికీ జరిపి, క్వాలిటీ బాగా లేచినచోట బోల్టు బిగించి స్కాన్ చేయాలి. దూరదర్శన్ ఛానళ్లు రాకపోతే వేరే ఉపగ్రహానికి తగిలిందని అర్థం, మళ్లీ వెతకాలి. వచ్చాక పైపు మీద, గొడుగు మెడ మీద పెయింటుతో గీత పెట్టుకోండి. ఈసారి గాలికి తిరిగితే గీతకు గీత కలిపితే సరి.

వైరు అతుకులో నీళ్లు దిగకుండా టేపు చుట్టాలి. గొడుగు ముందున్న ఎల్ఎన్‌బీ దగ్గర కందిరీగలు గూడు పెడతాయి, చూసి తీయాలి. జోరువానలో బొమ్మ కాసేపు పోతే గొడుగు ముట్టుకోవద్దు, వాన తగ్గితే అదే వస్తుంది. ఉరుములప్పుడు మిద్దె ఎక్కవద్దు, పెట్టె వైరు, ప్లగ్గు రెండూ తీసేయాలి. కరెంటు తీగలు దగ్గరుంటే అసలు చెయ్యే పెట్టవద్దు.

"ఫోన్లో అన్నీ వస్తాయి కదప్పా, ఈ గొడుగెందుకు?" అని పిల్లోళ్లు అంటారు. నిజమే, వస్తాయి. ఫోను కొడుకు జేబులో ఉంటుంది, కొడుకు టౌనులో ఉంటాడు. రీచార్జి అయిపోతే అదీ మూగబోతుంది. ఇంట్లో ముసలాయన, కళ్లం కాసే ఆడవాళ్లు నలుగురూ కలిసి వినేది టీవీయే. ఒకరు విననిది ఇంకొకరు వింటారు. సందేహం వస్తే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.

దూరదర్శన్ వారికీ ఒక మాట. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ చూపించారు. అందులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఇనుప జాలీతో చేసిన పదడుగుల గొడుగులు పెట్టి, సేద్యం సంగతులు తెలుగులో చెప్పారు. 2015లో డీడీ కిసాన్ పెట్టారు, సంతోషమే. అయితే హిందీలో చెబితే మా ఉల్లి రైతుకు, పత్తి రైతుకు ఎంత తలకెక్కుతుంది? సాయంత్రం ఒకే వేళకు, జిల్లాల వారీగా వాన కబురు, మార్కెట్ ధర తెలుగులో చెప్పాలి. రైతు సేవా కేంద్రంలో సిగ్నల్ చూసే చిన్న మీటరు ఒకటి ఉంచి, ఊరికి ఇద్దరు కుర్రాళ్లకు ఈ పని నేర్పితే ఖర్చు పెద్దగా కాదు.

వాళ్లు చేసేదాకా మనం కూర్చోవద్దు. పీకిన బుడ్డలు, కోసిన ఉల్లిగడ్డ చేలో పడకముందే ఒక ఆదివారం పొద్దున మిద్దె ఎక్కి గొడుగు చూసుకోండి. మీకు కుదిరితే పక్కింటివాళ్లకూ చూపించండి.