దయ్యమునకు పొరుగువాని భాష

భయానక చిత్రములు కాలక్రమమున మారినవని అందరును అందురు. మొదట మాంత్రికుడు, తరువాత మోహిని, ఆ పిదప కిర్రుమను తలుపు, నేడు నవ్వించు దయ్యము. ఈ మార్పులతో మాకు తగవు లేదు. మా తగవు వేరొక మార్పుతో. దయ్యపు భాష మారినది. దానిని గురించి ఎవరును పలుకకుండుట మాకు వింతగ నున్నది.

1951 నాటి 'పాతాళభైరవి'లో మాంత్రికుడు నేపాళమువాడు. అయినను ఎస్.వి. రంగారావుగారి నోట మనము విన్నది తెలుగే. ఆ చూపు, ఆ గొంతు మనలను జడిపించినవి గాని నేపాళ భాష కాదు. 1978లో 'జగన్మోహిని' తీసిన బి. విఠలాచార్యగారు ఉడుపి ప్రాంతమున పుట్టినవారు. ఆ కన్నడదేశీయుని దయ్యము కాళ్లను పొయ్యిలో కట్టెలుగ పెట్టి వంట చేసినది; జడిసితిమి, నవ్వితిమి కూడ. ఇంటి దయ్యము, ఇంటి మాట. 1992లో 'రాత్రి' తీసిన రాంగోపాల్ వర్మగారు చప్పుడుతోనే చాలవరకు పని గడపిరి.

ఇక 1993 నాటి మలయాళ చిత్రము 'మణిచిత్రతాళు' చూడుడు. అందు ఇల్లాలిని పూనిన నర్తకి తంజావూరిది, తమిళము పలుకును. అదే కథ 2004లో కన్నడమున 'ఆప్తమిత్ర' కాగా నర్తకి తెలుగు పలికెను. 2005లో తమిళ 'చంద్రముఖి'లోను తెలుగే. 2007లో హిందీ 'భూల్ భులయ్యా'లో బెంగాలీ! ఎవరికొరకు తీసినను దయ్యమునకు దక్కినది పొరుగువాని భాష. ఇల్లాలు తన మాట విడిచి పరుల మాట పలుకుటయే పూనకమునకు గుర్తట. ఏండ్లతరబడి దస్త్రములు తిరుగవేసిన గుమాస్తాలము; నాలుగు కాగితములు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఇట్టి సంగతి మాకు దాగదు.

తంజావూరి నాయకరాజుల కొలువున తెలుగు పదములకే ఆడిరి గదా, 'రా రా' పాటను తమిళులు ముచ్చటపడి పాడుకొనిరి గదా, తప్పేమని కొందరు మిత్రులు అడుగుదురు. కొలువున అది రసికులు మెచ్చిన పలుకు. తెరపై అదే కన్నులెర్రచేసిన గర్జన. కోలారు, బళ్లారి, హోసూరు అంగళ్లలో తరతరములుగ తెలుగున బేరమాడుచున్న మేము, డబ్బిచ్చి టిక్కెట్టు కొని, మా మాట వినబడగనే ప్రక్కవారు ఉలికిపడుట చూడవలసి వచ్చినది. ఇంట తెలుగు పలుకుమన్న సిగ్గుపడు పిల్లలు ఆ బొమ్మ చూచి వచ్చి, జుట్టు విరబోసికొని, గొంతు మార్చి తెలుగు పలికిరి. వారికి పట్టుబడిన మొదటి తెలుగు దయ్యపు తెలుగు!

'ఆప్తమిత్ర'లో ఆ ఇల్లాలుగ నటించిన సౌందర్య కన్నడనాట పుట్టి తెలుగువారి ఇంటి ఆడుబిడ్డయైన నటి. 2004 ఏప్రిలులో విమాన ప్రమాదమున ఆమె మరణించిన పిదప ఆ చిత్రము విడుదలయ్యెను. రెండు భాషలను ఒక్కటిగ మోసిన ఆమె నోటనే ఒకటి మనిషి భాష, రెండవది దయ్యపు భాష యైనది.

పరభాష లేనిదే భయము పుట్టదందురా? 2009 నాటి 'అరుంధతి'లో పశుపతి ఆ ఇంటి అల్లుడే, పలికినది ఆ ఇంటి తెలుగే. జనము వణకుచునే తండోపతండములుగ చూచిరి. 'ఆప్తమిత్ర', 'చంద్రముఖి' రెండింటిని తీసిన పి. వాసుగారు గాని, మరియెవ్వరు గాని, ఈ కథను మరల చేపట్టుదురేని, ఆ ఇంటి దయ్యమునకు ఆ ఇంటి మాటయే నేర్పుదురు గాక.